మామ్మ కంటె, మధురవాణి

మధురవాణి వేషం నిజానికి నాది కాదు. నాకు మొదట ఇచ్చింది బుచ్చమ్మ వేషం.

1978లో విజయనగరంలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. కాలేజీ వార్షికోత్సవానికి గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కం’ నాటకం వెయ్యాలని మా తెలుగు మాస్టారు పట్టుబట్టారు. పూర్తిగా ఆడితే గంటలు గంటలు పట్టే ఏడంకాల నాటకాన్ని ఆయనే కూర్చుని కత్తిరించి, రెండున్నర గంటలకి కుదించారు. మధురవాణి వెయ్యాల్సిన అమ్మాయి వాళ్ళింట్లో ఒప్పుకోలేదని రిహార్సల్స్ మొదలైన నాలుగో రోజున మానేసింది. మాస్టారు మా వైపు ఒకసారి చూసి, “నువ్వు వేస్తావా అమ్మా?” అన్నారు నన్ను. ఆలోచించకుండా తల ఊపేశాను. బుచ్చమ్మకి డైలాగులు తక్కువ, మధురవాణికి ఎక్కువ. అప్పటికి నా లెక్క అంతే.

మా ఊళ్ళో కన్యాశుల్కం చదవనివాళ్ళకి కూడా కన్యాశుల్కం వచ్చు. కోతలు కోసేవాడు కనిపిస్తే గిరీశం అంటారు, తగువులు పెట్టి తమాషా చూసేవాణ్ణి రామప్పంతులంటారు. ఆ నాటకం మొట్టమొదట ఆడింది విజయనగరంలోనే, 1892లో. మా నాన్నకైతే జె.వి. రమణమూర్తిగారి గిరీశం అంటే ప్రాణం. ఎన్నిసార్లు చూశారో లెక్కలేదు. కాఫీలో పంచదార తక్కువైనా సరే, “డామిట్, కథ అడ్డంగా తిరిగింది” అనేవారు. అలాంటి నాన్న, నేను మధురవాణి వేస్తున్నానని చెప్పగానే చేతిలో పేపరు మడిచి పక్కన పెట్టారు.

“నాటకం చూడ్డం వేరు. మనింటి పిల్ల సానివేషం కట్టి పదిమంది ముందు నిలబడ్డం వేరు” అన్నారు.

అమ్మ వంటింట్లోంచి ఏమీ మాట్లాడలేదు. మామ్మ వసారాలో కూర్చుని దీపానికి వత్తులు చేసుకుంటోంది. అప్పటికి మామ్మకి డెబ్భై నాలుగేళ్ళు. చెవులు సరిగ్గా వినబడవని అందరం అనుకునేవాళ్ళం.

“ఏం వేషంటే?” అంది.

“మధురవాణి, మామ్మా.”

మామ్మ చేతిలో వత్తి పూర్తి చేసి పళ్ళెంలో పెట్టింది. “వెయ్యనీరా” అంది నాన్నతో. “ఆ నాటకంలో అది చేసినంత మేలు ఏ బ్రాహ్మడు చేశాడు గనక?”

మా ఇంట్లో నాన్న మాటకి ఎదురు మాట రావడం నేను విన్నది అదే మొదలు. నాన్న ఇంకేం అనలేదు. చొక్కా వేసుకుని బయటికి వెళ్ళిపోయారు.

ఆ రాత్రి మామ్మ నన్ను పిలిచి తన పెట్టె తెరవమంది. అడుగున, పట్టుగుడ్డలో చుట్టి, బంగారు కంటె. మెలికలు తిరిగిన కడ్డీ, వెనకాల మర. దాన్ని మామ్మ మెళ్ళో నేనెప్పుడూ చూడలేదు. అసలు అలాంటిది ఇంట్లో ఉందని కూడా తెలీదు. “మధురవాణికి కంటె ఉండాలి కదే. గిల్టుది పెట్టుకుంటే కళ రాదు. ఇది పట్టుకెళ్ళు” అంది.

తరవాత, దీపం తగ్గించేశాక, నెమ్మదిగా వాళ్ళమ్మ సంగతి చెప్పింది. విజయనగరానికి దగ్గర్లో ఒక అగ్రహారం. వాళ్ళమ్మకి ఎనిమిదో ఏట పెళ్ళయింది. పెళ్ళికొడుక్కి నలభై దాటాయి. పిల్లనిచ్చినందుకు శుల్కం ఎంత పుచ్చుకున్నారో మామ్మకి తెలీదు, ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదుట. పెళ్ళిలో ఈ కంటె పెట్టారు. బరువుకి పిల్ల మెడ నిలవలేదుట. పీటల మీదే నిద్రపోతే మేనత్త పట్టుకుని కూర్చుందిట. మామ్మకి మూడేళ్ళప్పుడు వాళ్ళ నాన్న పోయాడు. అప్పటికి వాళ్ళమ్మకి పద్ధెనిమిదేళ్ళు. జుట్టు తీసేశారు. కంటె తీసి పెట్టెలో పెట్టేశారు.

“మా అమ్మకి కరటకశాస్త్రీ లేడు, మధురవాణీ లేదు” అంది మామ్మ. అంతకంటే ఎక్కువ చెప్పలేదు. అటు తిరిగి పడుకుంది.

నాకు నిద్ర పట్టలేదు. మాస్టారు క్లాసులో గురజాడవారి ముందుమాట మాకు తెలుగులో చెప్పారు. 1897లో పుస్తకం మొదట అచ్చయినప్పుడు ఇంగ్లీషులో రాసిన ముందుమాట అది. విజయనగరం మహారాజావారు విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన శుల్కం పెళ్ళిళ్ళ లెక్క తీయిస్తే, మూడేళ్ళలో 1034 తేలాయట. అందులో ఐదేళ్ళకి పెళ్ళయిన పిల్లలు 99 మంది. నాలుగేళ్ళకి 44. ఏడాది పసిపిల్లలు ముగ్గురు. క్లాసులో విన్నప్పుడు అంకెల్లాగే విన్నాను, పరీక్షకి పనికొస్తాయని నోట్సులో రాసుకున్నాను కూడా. మా మామ్మ వాళ్ళమ్మ పెళ్ళి ఆ లెక్క తీశాక జరిగింది, పుస్తకం అచ్చయిన రోజుల్లోనే కాస్త అటూ ఇటూగా. అందుకని ఆ 1034లో ఆవిడ లేదు. ఆ రాత్రి నాకు ఆ నోట్సు తీసి ఆ అంకె పక్కన ఇంకొకటి కలపాలనిపించింది.

రిహార్సల్స్‌లో నేను మొదట చేసిందంతా సావిత్రి. 1955 సినిమాలో ఆవిడ మధురవాణిని మా అమ్మ తరం వాళ్ళు ఇంకా చెప్పుకునేవారు. ఆ ఓరచూపు, ఆ నవ్వు, వాలుజడ ముందుకి వేసుకోవడం, అన్నీ అద్దం ముందు నేర్చుకుని వెళ్ళాను. మాస్టారు రెండు రోజులు ఊరుకున్నారు. మూడో రోజు ఆపేశారు.

“సావిత్రి తన మధురవాణిని తను చేసుకుంది. నువ్వు సావిత్రిని చేస్తుంటే ఇక్కడ మధురవాణి ఏదమ్మా? అసలు ఆవిడ ఎవర్ని చూసి నవ్వుతోంది చెప్పు.”

చెప్పలేకపోయాను. ఆయన పుస్తకం తీసి నా చేతిలో పెట్టి, మొదటి అంకంలో మధురవాణి ఉన్న రంగం బయటికి చదవమన్నారు. మంచం కింద దాక్కోవడాలు, పూటకూళ్ళమ్మ చీపురుకట్ట, జనం పడీపడీ నవ్వే రంగం అది. ఆ నవ్వుల మధ్య, రామప్పంతులు చనువు తీసుకోబోతే, సానిదానికి మాత్రం నీతి ఉండొద్దా అని అడుగుతుంది. గిరీశం తనని ఉంచుకున్నంత కాలం మరొకరు తనని తాకకూడదు. నేనా మాటని వగలుపోతూ అన్నాను. మాస్టారు మళ్ళీ అనమన్నారు. ఈసారి మామూలుగా, బజార్లో తూకం సరిగా వెయ్యమని అడిగినట్టుగా అన్నాను. “అదీ” అన్నారు.

అప్పుడు నాకర్థమైంది, మధురవాణి మొదటి నుంచీ ఒక నియమం పెట్టుకుని బతుకుతోందని. అది ఆమె వృత్తిలోని నియమం, వాళ్ళమ్మ నేర్పింది. ఆ నాటకంలో గిరీశం సంఘసంస్కరణ గురించి ఉపన్యాసాలు దంచుతాడు, రామప్పంతులు మర్యాద గురించి మాట్లాడతాడు, అగ్నిహోత్రావధాన్లు శాస్త్రం చెప్తాడు. ఇచ్చిన మాట మీద నిలబడే మనిషి మాత్రం, ఆ రంగంలో చూస్తే, ఈమె ఒక్కతే. చాలామంది విమర్శకులు మధురవాణి చివర్లో ‘మారింది’ అంటారు. చెడ్డది మంచిదైనట్టు. నాకు ఆ మాట ఏనాడూ నచ్చలేదు. ఆమె చెడ్డగా ఉన్నదెప్పుడు? ఉన్న మంచి పెద్దదవుతూ వచ్చింది. మొదట అది తన ఇంటి గుమ్మం వరకే ఉండేది.

గుమ్మం దాటించింది కరటకశాస్త్రి. చెల్లెలి కూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకి కట్టబెడుతున్నారు. దాన్ని తప్పించడానికి, సుబ్బి బదులు ముసలాడికి అంటగట్టాలని, శిష్యుడికి ఆడపిల్ల వేషం వేసి రామచంద్రపురం అగ్రహారం తీసుకొస్తాడు, మధురవాణి సాయం అడుగుతాడు. ఈ రంగం మాకు చాలా సరదాగా ఉండేది. శిష్యుడు వేసే కుర్రాడు చీర కట్టుకుని కొంగు సర్దుకుంటుంటే మాకు నవ్వాగేది కాదు. నేను కూడా అదంతా ఒక కొంటెపని అన్నట్టే చేసేదాన్ని. ఒక సాయంత్రం మాస్టారు అడిగారు:

“మధురవాణి సుబ్బిని ఎప్పుడైనా చూసిందా?”

అందరం పుస్తకాలు తిరగేశాం. ఎక్కడా లేదు. నాటకం మొత్తంలో ఆ ఇద్దరూ ఎదురుపడరు. సుబ్బికి తనని కాపాడింది ఫలానా మధురవాణి అని తెలిసే అవకాశం కూడా లేదు.

“చూడని పిల్ల కోసం చేస్తోంది. ఎందుకు చేస్తోందో నువ్వు ఆలోచించుకో” అని మాస్టారు కుర్చీలో వెనక్కి వాలారు.

నేను ఆలోచించాల్సిన పని లేకపోయింది. పీటల మీద నిద్రపోతున్న ఒక ఎనిమిదేళ్ళ పిల్ల నాకు అప్పటికే రోజూ కనిపిస్తోంది. మర్నాటి నుంచి ఆ రంగంలో కరటకశాస్త్రి సుబ్బి సంగతి చెప్తుంటే నా నవ్వు దానంతటదే ఆగిపోయేది. మాస్టారు అది గమనించారు కానీ ఏమీ అనలేదు.

కంటె సంగతి చెప్పాలి. పెళ్ళికూతురి మెళ్ళో వెయ్యడానికి రామప్పంతులు మధురవాణి కంటె అడిగి పట్టుకెళ్తాడు. ఆ మాయ పెళ్ళికూతురు పారిపోతుంది. ఇక మధురవాణి కంటె తెమ్మని పంతుల్ని ముప్పుతిప్పలు పెడుతుంది. మిగతావాళ్ళకి అది నాటకంలో వస్తువు, నాకు మామ్మ వాళ్ళమ్మ మెడలోది. ప్రదర్శన రోజున అది నా మెళ్ళోంచి రామప్పంతులు వేసిన బీకాం కుర్రాడి చేతికి, అక్కణ్ణించి పెళ్ళికూతురు వేసిన కుర్రాడి మెడకి వెళ్ళాలి. వాడు సైడ్ వింగ్‌లోకి పరిగెత్తాలి. ఆ పరుగులో ఎక్కడ జారిపడుతుందో అని నాకు ఒకటే టెన్షన్. నాన్న అసలే ఒప్పుకోని పని. రామప్పంతులు ఉత్త చేతులతో తిరిగొచ్చినప్పుడు “నా కంటేదీ?” అని నేను అరిచిన అరుపులో నటన ఏమీ లేదు. హాలంతా చప్పట్లు. వింగ్‌లో ఆ కుర్రాడు పాపం కంటెని రెండు చేతుల్తో గుండెకి ఆన్చి పట్టుకుని నిలబడ్డాడు, నాకు కనిపించేలాగ.

ఇక చివరి రంగం. మా మాస్టారికీ కాలేజీ పెద్దలకీ దాని మీద పెద్ద గొడవే జరిగింది. అందులో మధురవాణి ఒక ముద్దు అడుగుతుంది. కుర్రాళ్ళు ఈలలు వేస్తారు, తీసెయ్యండి అన్నారు. మాస్టారు, అది తీసేస్తే నాటకమే వద్దు అన్నారు.

నాకు ఇప్పటికీ ఈ నాటకంలో అన్నిటికంటే లోతైన చోటు అదే. సుబ్బి పెళ్ళి తప్పింది. మంచి జరిగింది. కానీ పెళ్ళికూతురు మాయమయ్యేసరికి, లుబ్ధావధాన్లు ఆమెని చంపేశాడని కేసు పెట్టారు. అసలు పుట్టనే లేని పిల్లని చంపినందుకు ముసలాడికి ఉరి పడేలా ఉంది. వాడంటే మనకి జాలి ఉండదు. పసిపిల్లని కొనుక్కోబోయిన లుబ్ధుడు. మధురవాణి ఊరుకుని ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. తగిన శాస్తి అని ఊళ్ళో వాళ్ళే అనుకునేవారేమో. కానీ ఆమె మగవేషం వేసుకుని విశాఖపట్నంలో లుబ్ధావధాన్లు వకీలు సౌజన్యారావు పంతులు ఇంటికి వెళ్తుంది. తను చేసిన మంచిపని వల్ల ఇంకొకరి ప్రాణం పోతుంటే, ఆ ఇంకొకరు చెడ్డవాడైనా సరే, ఆ బరువు తనది అనుకుంది. ముందు నియమం తప్పకపోవడం, తరవాత చూడని పిల్లకి సాయం, ఇప్పుడు తనకి ఏమాత్రం ఇష్టంలేని మనిషికి న్యాయం. గురజాడ 1909లో నాటకాన్ని తిరగరాసి మధురవాణిని బాగా పెంచారని మాస్టారు చెప్పేవారు. ఆ పెంచడంలో ఎంత ఓపిక ఉందో నాకు చాలా ఏళ్ళ తరవాత గానీ తెలియలేదు.

సౌజన్యారావు మంచివాడు. సానుల ముఖం చూడనని వ్రతం పట్టినవాడు, సానుల ఆటపాటలు కూడదనే యాంటీనాచ్ మనిషి. ముసలాణ్ణి బయటపడేసే రహస్యం చెప్పడానికి ఆమె ఒక ముద్దు అడుగుతుంది. ఆయన నలిగిపోతాడు. చివరికి, ఒక మనిషి ప్రాణం కోసం సరే అంటాడు. మా ప్రదర్శనలో నేను తలపాగా తీసేస్తాను, జుట్టు భుజాల మీద పడుతుంది. సౌజన్యారావు వేసింది ఎమ్మే చదివే ఒక సీనియర్. మంచి పొడగరి. ఆయన ఒక అడుగు ముందుకి వేశారు. కాలేజీ పెద్దలు అన్నట్టే వెనక బెంచీల నుంచి ఈలలు మొదలయ్యాయి. నా కాళ్ళు వణుకుతున్నాయి. మూడో వరసలో నాన్న కనబడుతున్నారు.

ఆ క్షణంలో మధురవాణి గెలిచింది. పంతుల వ్రతం ఆమె చేతిలో ఉంది. ఆమె బతుకులో ఆమెని చిన్నచూపు చూసిన పెద్దమనుషులందరి తరఫునా ఒక పెద్దమనిషి ఆమె ముందు తల వంచాడు. సరిగ్గా అప్పుడు వద్దంటుంది. చెడనివాళ్ళని చెడగొట్టకూడదని తన తల్లి చెప్పిందంటుంది. రిహార్సల్స్‌లో నేను ఆ మాట చెయ్యి అడ్డంపెట్టి, గట్టిగా అనేదాన్ని. ఆ రోజు నాకు గొంతు రాలేదు. ఒక అడుగు వెనక్కి వేసి, ఎదురుగా ఉన్న మనిషికి మాత్రమే వినబడేలా అన్నాను. మైకు ఆ మాటని ఎలా అందుకుందో నాకు తెలీదు. ఈలలు ఒక్కసారి తెగిపోయాయి. అంత పెద్ద హాల్లో ఫ్యాన్ల చప్పుడు వినబడింది.

సౌజన్యారావు భగవద్గీత పుస్తకం నా చేతికిచ్చారు. మా లైబ్రరీ నుంచి తెచ్చింది, అట్ట మీద నంబరు చీటీ అతికించి ఉంది. ఆ చీటీ జనానికి కనబడకుండా బొటనవేలు అడ్డంపెట్టి పట్టుకున్నాను. తరవాత గిరీశం బండారం బయటపడటం, డామిట్, చప్పట్లు, అన్నీ జరిగాయి. నాకు సరిగ్గా గుర్తులేవు. ఆ బొటనవేలు గుర్తుంది.

ఇంటికి వెళ్ళేసరికి పదకొండు దాటింది. రిక్షాలో నాన్న ఏమీ మాట్లాడలేదు. దిగేటప్పుడు మాత్రం, “బాగా చేశావమ్మా” అని గబగబా లోపలికి వెళ్ళిపోయారు. మామ్మ మంచం మీద కూర్చుని ఉంది. తనూ వచ్చింది నాటకానికి, ముందు వరసలో కుర్చీ వేయించారు. నా మెళ్ళో కంటె మర విప్పుతూ అడిగింది:

“తరవాత ఆ పిల్ల ఎక్కడికి వెళ్ళిందే?”

“ఎవరు మామ్మా?”

“ఎవరేంటే, మధురవాణి.”

“నాటకంలో లేదు మామ్మా. అక్కడితో అయిపోతుంది.”

మామ్మ కాసేపు మాట్లాడలేదు. “బుచ్చమ్మని పూనాలో వితంతువుల హోముకి పంపిస్తామన్నారు. ఆ గిరీశం గాణ్ణి కూడా చదువుకొమ్మన్నారు. దీనికి మాత్రం పుస్తకం చేతిలో పెట్టి పంపేశారు” అంది.

ఆ తరవాత ఎంతమంది రాసిన విమర్శలు చదివానో. మామ్మ అడిగిన ఆ ప్రశ్న దగ్గరకి వచ్చేసరికి నాకు ఏవీ ఆనలేదు. సౌజన్యారావు ఆమెకి గీత ఇచ్చాడు కనుక ఆమె బాగుపడింది అని రాసినవాళ్ళ మీద నాకు ఇప్పటికీ కోపమే. ఆ రాత్రి ఆ గదిలో ఎక్కువ నేర్చుకున్నది ఎవరు? పుస్తకం ఇచ్చిన చెయ్యి పెద్దదా, ముద్దు వద్దన్న నోరు పెద్దదా? నా ముప్ఫయ్యేళ్ళప్పుడు ఒకలా, యాభయ్యేళ్ళప్పుడు ఒకలా చదువుకున్నాను ఆ రంగాన్ని. ఇప్పుడు అరవై దాటాక చదివితే, వెనక్కి వేసిన ఆ ఒక్క అడుగే కనిపిస్తుంది నాకు.

కంటె మెలికల సందుల్లో మేకప్ రంగు ఇరుక్కుపోయింది. గులాబీ రంగు, నూనె జిడ్డుతో. నాకు భయం వేసింది. పొద్దున్నే కుంకుడురసంలో పాత బ్రష్షు ముంచి తోముదామని కూర్చుంటే మామ్మ వచ్చి నా చేతిలోంచి తీసేసుకుంది.

“ఉండనీ” అంది. “మా అమ్మకి పెట్టినప్పుడు ఏడ్చిందిట. నాకు పెళ్ళిలో పెడితే నేనూ ఏడ్చాను. అడిగి పెట్టుకుని వెళ్ళినదానివి నువ్వొక్కత్తివే.”

పట్టుగుడ్డలో చుట్టి పెట్టె అడుగున పెట్టేసింది. ఇప్పుడది నా బీరువాలో ఉంది. ఆ రంగు ఇంకా అలాగే ఉంది.